వీడియో కెమెరాయందు వెలుఁగు తెలుపుల నిర్ణయము

శాస్త్రపాఠములను, అవధానములను, వేదపారాయణములను వీడియో కెమెరాతోఁ బట్టి యుంచుట యిప్పుడు మన పండితులలోఁ బెక్కండ్రకు వాడుకయైనది. ఇంటిలోఁ బెండ్లికిఁ గొన్న చిన్న యంత్రమో, కుమారుఁడు విదేశమునుండి తెచ్చి యిచ్చినదో, యేదో యొకటి పెక్కిండ్ల బీరువాలలోఁ గలదు. యంత్రము నెత్తి యెఱ్ఱని మీట నొక్కినఁ జాలును, దక్కినదంతయు నదియే చూచుకొనునని మన నమ్మకము. ఆ నమ్మకము చాలవఱకు నిజమే. అది నిజము కాని చోటులే యీ వ్యాసమునకు విషయము. సాహిత్యపరిశోధనకై పుట్టిన పత్రికలో యంత్రముల ముచ్చట యేల యని కొందఱు శంకింపవచ్చును. తాళపత్రమును శుద్ధముగాఁ బ్రతి వ్రాసికొనుట మన పని యైనప్పుడు, పాఠము చెప్పువారి నోటిని, చేతిని శుద్ధముగాఁ బట్టుకొనుటయు మన పనియే. లేఖకదోషములను గూర్చి మన మెన్నియో పుటలు వ్రాసితిమి. యంత్రమును నొక లేఖకుఁడే. వానికిని దోషములు గలవు. వానిని దెలిసికొనినఁ గాని వాని వ్రాఁతను నమ్మరాదు.

నా యనుభవము నొకదానిని జెప్పి విషయమునకు వచ్చెదను. 2009వ సంవత్సరమునఁ గోనసీమలోని యొక యగ్రహారమున నెనుబది యేండ్లు దాఁటిన వృద్ధ సామగు లొకరుండెడివారు. ఆంధ్రదేశమునఁ దైత్తిరీయశాఖ నధ్యయనము చేసినవారు పెక్కండ్రు గలరు గాని సామగానము నెఱిఁగినవారు మిక్కిలి యరుదు. వారు కౌథుమశాఖవారు. సామగానమున స్వరములు గొంతునందు మాత్రమే గాక చేతియందును నుండును. కుడిచేతి బొటనవ్రేలు తక్కిన వ్రేళ్లమీఁద నొక్కొకచోట నిలిచి స్వరమును జూపుచుండును. నారదీయశిక్షయు స్వరములకు వ్రేళ్లయందు స్థానములను విధించినది. శిష్యుఁడు గురువు నోటిని వినుటయే కాక చేతిని జూచియు నేర్చుకొనును. వేదపఠనసంప్రదాయమును యునెస్కోవారు 2003వ సంవత్సరమున మానవజాతి వారసత్వములలో మేటిదానిగాఁ బ్రకటించి, 2008లోఁ దమ పట్టికలోఁ జేర్చుకొనిరి. ఆ వార్త యిచ్చిన యుత్సాహము నాయందింకను జల్లాఱలేదు. నేనును నొక యంత్రమును సంపాదించి వారి యింటికిఁ బోయితిని.

వారు తూర్పు కిటికీముందుఁ బీటమీఁదఁ గూర్చుండిరి. ఉదయమున నెనిమిది గంటలు. కిటికీ వెలుపలఁ గొబ్బరితోఁటపై నెండ. గంటన్నరసేపు దయతో గానము చేసిరి. ఇంటికి వచ్చి చూచుకొనఁగాఁ గిటికీ చక్కగాఁ బడినది. కొబ్బరియాకుల నొక్కొక్కటిగా లెక్కింపవచ్చును. వారి మొగము మాత్రము నల్లని నీడ. చేయి మసిబొమ్మ. వ్రేళ్లు కదలుచున్నట్లు తెలియును గాని యే వ్రేలు, ఎచ్చట నిలిచినది యనునది తెలియదు. తరువాతఁ గంప్యూటరునందు వెలుఁగును హెచ్చించి చూచితిని. ఇసుక చల్లినట్లు చుక్కలు లేచినవే కాని వ్రేళ్లు లేవలేదు. పట్టుకొనునప్పుడు యంత్రము విడిచిన దానిని దరువాత నెవ్వరును దేలేరు. మఱల వచ్చెదనని వారితోఁ జెప్పి యుంటిని. వానకాల మడ్డువచ్చినది. ఆ కార్తికముననే వారు స్వర్గస్థులైరి. దోషము యంత్రముది గాదు, దాని స్వభావము నెఱుఁగని నాది.

యంత్ర మేల యట్లు చేసినది? ఇది మొగము, ఇది కిటికీ యను వివేకము దానికి లేదు. దాని కన్నులఁబడిన వెలుఁగు నంతయుఁ గలిపి సగటు తీసి, యా సగటు నొక నడిమి బూడిదరంగునకుఁ దెచ్చుటయే దాని విధి. ఆ నడిమి బూడిద యనఁగాఁ దనపైఁ బడిన వెలుఁగులో నూటికి సుమారు 18 పాళ్లు త్రిప్పి పంపునది. లోకములోని దృశ్యములు పెక్కింటి సగటు దానికి దగ్గఱగా నుండుటచే నా విధి తఱచుగా సరిపడును. సరిపడని చోట నెట్లుండునో చూడుఁడు. సున్నము వేసిన తెల్లని గోడముందుఁ దెల్లని పంచె కట్టుకొని కూర్చున్నవానిని జూపితిమేని, "వెలుఁగు మిక్కుటముగా నున్న" దని యంత్రము దానిని దగ్గించును. గోడ బూడిదయగును, మొగము నల్లఁబడును. నల్లని తెరముందుఁ గూర్చున్నవానిని జూపితిమేని, "చీఁకటి మిక్కుటముగా నున్న" దని వెలుఁగును బెంచును. తెర బూడిదయగును, మొగము సున్నము పూసినట్లు వెలవెలఁబోవును, నొసటి విభూతి రేఖ మొగముతోఁ గలిసిపోవును. రెండు చోటులను యంత్రము చేసినది దాని లెక్క ప్రకారము తప్పు గాదు. సైంధవమును దెమ్మనినప్పుడు భోజనవేళ నుప్పును, ప్రయాణవేళ గుఱ్ఱమును దేవలయుననుట ప్రకరణమువలనఁ దెలియును. యంత్రమునకుఁ బ్రకరణము లేదు. ఎప్పుడును నుప్పునే తెచ్చును. మన వ్యాకరణపరిభాషలోఁ జెప్పవలసినచో యంత్రము తనంతఁ దాను చేయు నిర్ణయ ముత్సర్గము. మనము చేతితోఁ జేయు నిర్ణయ మపవాదము. అపవాదవిషయమును విడిచి తక్కిన చోటనే యుత్సర్గము ప్రవర్తింపవలయును గాని, యంత్రమున నాజ్ఞ లేనిదే యపవాదము పుట్టదు. ఇటీవలి యంత్రములు కొన్ని మనుష్యుని మొగమును గుర్తించి దానిని బట్టి వెలుఁగు నేర్పఱచును. చేతిని గుర్తించు యంత్రమును నేనింకఁ జూడలేదు.

వెలుఁగును యంత్రము మూఁడు ద్వారములచే నేలుచుండును. మొదటిది కనుపాప వంటి రంధ్రము; దీనిని ఐరిస్ అందురు. దీనిని గొలుచు సంఖ్యలు విపరీతముగా నడచును: సంఖ్య పెరిగినకొలఁది రంధ్రము చిన్నదగును. 2 కంటె 2.8 యందు సగము వెలుఁగు, 4 నందు దానిలో సగము. రంధ్రపు వెడల్పుచేఁ గటకముయొక్క నాభిదూరమును భాగింపఁగా వచ్చిన సంఖ్య యిది. భాజకము పెరిగిన భాగఫలము తగ్గుననుట బాలురును నెఱుఁగుదురు గాని యంత్రము చేత నుండఁగా నందఱును దడఁబడుదురు.

రెండవది షట్టరు, అనఁగా నొక్కొక చిత్రమునకు వెలుఁగును లోనికి విడుచు కాలము. మన దేశపు పద్ధతిలో సెకనునకు 25 చిత్రములు. ఒక్కొక దానికి సెకనులో 50వ వంతు కాలము విడుచుట చాల యనుకూలము. కదలిక సహజముగా నుండును. దీనియందు మఱియొక రహస్యము గలదు. మన విద్యుత్తు సెకనునకు 50 ఆవృత్తులతో నడచునది. కావునఁ బాత ట్యూబులైట్లు మొదలగునవి సెకనునకు 100 మాఱులు వెలిఁగి తగ్గుచుండును. మన కన్ను దానిని గుర్తింపదు. షట్టరు 50వ వంతైనచో నొక్కొక చిత్రమున సరిగా రెండు వెలుఁగులు పడును. 100వ వంతైనచో నొకటి పడును. అన్ని చిత్రములును సమానముగా నుండును. 60వ వంతైనచో నొకటియు మఱికొంతయుఁ బడును. ఆ మఱికొంత యొక్కొక చిత్రమున నొక్కొక రీతి నుండుటచే దృశ్యము రెపరెపలాడును, చాఱలు ప్రాఁకును. అమెరికానుండి పిల్లలు తెచ్చి యిచ్చిన యంత్రములతో మన సభలలోఁ బట్టిన దృశ్యములు కొట్టుకొనుచున్నట్లుండుటకుఁ గారణ మిదియే. అచ్చటి విద్యుత్తు 60 ఆవృత్తులది. యంత్రము నా లెక్కకే కట్టుఁబడినది. అట్టి యంత్రమున షట్టరును 100వ వంతునకు మార్చినచో రెపరెప నిలుచును. వెలుఁగు కొంత తగ్గుటను సహింపవలయును. చవుకరకపు ఎల్.ఇ.డి. దీపములందును నీ బాధ కొన్నిచోట్లఁ గలదు.

మూఁడవది గెయిన్. ఇది వెలుఁగును బెంచునది గాదు, వచ్చిన సంకేతమును బెంచునది. 6 డెసిబెళ్లు పెంచినచో రెట్టింపు, 12 పెంచినచో నాలుగింతలు, 18 పెంచినచో నెనిమిదింతలు. సంకేతముతోఁ బాటు దానిలోని రొదయుఁ బెరుగును. అదియే నేను జెప్పిన యిసుక. చెవిటివానికై గట్టిగాఁ జదివినచో నక్షరదోషములును గట్టిగా వినఁబడినట్లిది. కావున ముందు షట్టరును స్థిరపఱచి, పిదప రంధ్రమును దెఱచి, అదియుఁ జాలనప్పుడే గెయిన్ జోలికిఁ బోవలయును. నేను 9 డెసిబెళ్లు దాఁటనీయను. దానికంటె నొక దీపమును జేర్చుట మేలు.

అయితే యింట వాడు చిన్న యంత్రములందుఁ బెక్కింట నీ మూఁడును వేఱువేఱుగాఁ జేతికి రావు. ఎక్స్‌పోజరను పేరుతో నొక్క గీటు తెరమీఁద నుండును. దానిని గుడికిఁ ద్రోసిన వెలుఁగు పెరుగును, నెడమకుఁ ద్రోసినఁ దగ్గును. లోపల రంధ్రమును గెయినును దమలోఁ దాము సర్దుకొనును. ఇదియుఁ జాలవఱకుఁ జాలును. ముఖ్యమైనది పెంచుట గాని తగ్గించుట గాని కాదు, కట్టివేయుట. ఒకసారి నిర్ణయించిన పిమ్మట నది మాఱకుండ నుండవలయును. స్వయంచాలకముగా విడిచినచో నవధాని వెనుకఁ దెల్లని చొక్కావాఁడొకఁడు నడచిన నంతలో నవధాని మొగము నల్లఁబడి, వాఁడు పోయిన మఱల వెలుఁగును. దేవాలయమునఁ గర్పూరహారతి వెలిఁగినంతసేపును దక్కినవన్నియుఁ జీఁకటిలో మునుఁగును. ఈ యూపిరి తీసినట్లుండు వెలుఁగు చూచువానికిఁ దలనొప్పి కలిగించును. కొన్ని యంత్రములందు "స్పాట్" అను మీట గలదు. అది నొక్కి తెరమీఁద మొగమును దాఁకినచో నచ్చటి వెలుఁగును మాత్రమే కొలిచి నిలిచిపోవును. కిటికీముందుఁ గూర్చున్నవారి విషయమున నిది మిక్కిలి యుపకారి. ఆనాఁడు నా యంత్రమునను నీ మీట యుండెను! కిటికీ వెలవెలఁబోవును, పోనిండు. కొబ్బరియాకులకై మన మక్కడికిఁ బోలేదు గదా. అంతకంటె మేలైన యుపాయము, కూర్చున్నవారినే కిటికీకి ప్రక్కగాఁ ద్రిప్పి కూర్చుండఁబెట్టుట. పెద్దలను లేచి యిటు కూర్చుండుఁడని యడుగ నాకు నోరాడలేదు. మర్యాద చెఱచిన పనులలో నిది యొకటి.

వెలుఁగు చాలినదో లేదో యెట్లు తెలియును? యంత్రపు చిన్నతెరను నమ్మరాదు. ఎండలో నది చీఁకటిగాఁ గనఁబడును. దానిని జూచి మనము వెలుఁగును బెంచుదుము. ఇంటికి వచ్చి చూచిన నంతయు సున్నము. చీఁకటి గదిలో దీనికి విపర్యయము. ఆ తెర వెలుఁగును బెంచుట తగ్గించుట చూచుటకు మాత్రమే గాని, పట్టు చిత్రమునకు దానితో సంబంధము లేదు. కొన్ని యంత్రములు "జీబ్రా" అను చాఱలను జూపును. 100 అని పెట్టినచో, ఎచ్చట వెలుఁగు మితిమీఱి వివరము నశించుచున్నదో యచ్చటఁ జాఱలు ప్రాఁకును. పంచె యంచునను, వెండిచెంబు మెఱుపునను నొకింత చాఱ యున్నఁ దప్పులేదు. నొసటను, జేతిమీఁదను నుండరాదు. 70 అని యొక గుఱుతు గలదు. మొగముపై మిక్కిలి వెలిఁగెడి భాగమునఁ జాఱలు పొడసూపునట్లుంచుమని పుస్తకములు చెప్పును. ఆ లెక్క పాశ్చాత్యుల తెల్లని చర్మమున కేర్పఱచినది. చామనచాయవారి మొగమును 70కిఁ దెచ్చితిమేని వారు వారుగా నుండరు. మనవారికి దానికంటెఁ దక్కువయే చాలును.

జూమ్ విషయమై యొక్క మాట. నా యంత్రమున రంధ్రపు గరిష్ఠమానము దూరముగాఁ జూచునప్పుడు 1.8, దగ్గఱకు లాగినప్పుడు 3.4. అనఁగా లాగినకొలఁది వెలుఁగు సుమారు మూఁడున్నర రెట్లు తగ్గిపోవును. చీఁకటి గదిలో రంధ్రమును బూర్తిగాఁ దెఱచి స్థిరపఱచి, పిదప వ్రేళ్లను జూపుటకై దగ్గఱకు లాగితిమేని చిత్రము నల్లఁబడును. మిక్కిలి దగ్గఱగాఁ జూపఁదలఁచిన చోటనే ముందుగా వెలుఁగును నిర్ణయించుకొనవలయును. లేదా జూమ్‌ను దాఁకక యంత్రమునే దగ్గఱగా జరుపుకొనవలయును.

ఇఁక తెలుపు. దీనిని వారు వైట్ బాలెన్సందురు, శ్వేతసామ్య మనవచ్చును. తార్కికులు భ్రమకుదాహరణముగాఁ బసుపుపచ్చని శంఖమును జెప్పుదురు. కామెలరోగి కన్నునకుఁ దెల్లని శంఖము పచ్చగాఁ గనఁబడును. దోషము శంఖమునందు లేదు. దీపపు వెలుఁగులోఁ బట్టిన చిత్రమున శంఖము నిజముగాఁ బచ్చగానే పడును. మఱి యా దీపము క్రిందనే కూర్చున్న మనకుఁ దెల్లగానే యేల కనఁబడును? మన బుద్ధి యా దీపపు రంగును దెలిసికొని తీసివేయుచుండుటచేత. దాసానిపువ్వు ప్రక్కనున్న స్ఫటిక మెఱ్ఱగాఁ గనఁబడినను స్ఫటికము తెల్లనిదేయని యుపాధిని విడఁదీసి యెఱుఁగునది బుద్ధి. యంత్రమున కుపాధి యేదో చెప్పవలయును. అట్లు చెప్పుటయే శ్వేతసామ్యము.

వెలుఁగుల రంగును గెల్విన్లలోఁ గొలుతురు. కొలిమిలోని యినుము తొలుత నెఱ్ఱనై, వేఁడిమి హెచ్చినకొలఁదిఁ బసుపై, తెల్లనగుచుండును గదా. అట్లే యాదర్శమైన నల్లని వస్తువు నెంత వేఁడి చేసిన నా రంగు వెలుఁగు వచ్చునో యా వేఁడిమియే యా వెలుఁగునకు సంఖ్య. దీపశిఖ సుమారు 1900. ఇంటి పాత బల్బు 2700 మొదలు 3000. మధ్యాహ్నపు టెండ సుమారు 5500. మబ్బు పట్టినప్పుడు 6500 పైఁబడి. నీలాకాశము క్రింది నీడ యింకను హెచ్చు. ఇందును నొక వైపరీత్యము గలదు: సంఖ్య హెచ్చినకొలఁది రంగు నీలిమవైపుఁ బోవును, దానిని చిత్రకారులు చల్లని రంగందురు. హెచ్చు వేఁడిమి చల్లని రంగు! శాస్త్రజ్ఞుల మాటయుఁ జిత్రకారుల మాటయు నొకే యంత్రముమీఁదఁ గలిసినప్పు డిట్టి సంకర మేర్పడును. ఇంతకంటెఁ జిక్కు మఱియొకటి. యంత్రమున నీ సంఖ్యను మనము పెంచినచోఁ జిత్రము నీలముగాక పసుపుగా మాఱును. ఏలయనఁగా, ఇచ్చటి వెలుఁగు నీలముగా నున్నదని మనము యంత్రముతోఁ జెప్పినట్లైనది. అది నమ్మి, నీలమునకు విరుగుడుగాఁ బసుపును గలుపును. మనము చెప్పునది వెలుఁగు సంగతి, యంత్రము చేయునది దాని ప్రతిక్రియ. ఇది తెలిసినచోఁ దక్కినదంతయుఁ దెలియును.

స్వయంచాలకముగా విడిచినచో యంత్రము దృశ్యమునందలి రంగులన్నియుఁ గలిసి బూడిద కావలయునను నూహతోఁ బ్రవర్తించును. సభలో నది పొసఁగును. కాషాయవస్త్రములవారి ప్రవచనమున దగ్గఱకు లాగినప్పుడు తెరనిండఁ గాషాయమే యుండును. యంత్రము వెలుఁగే కాషాయముగా నున్నదని భ్రమించి నీలమును గలుపును. వస్త్రము వెలిసిపోవును, వెనుకటి గోడ నీలివన్నె తిరుగును. వెనుకకుఁ ద్రోసిన మఱల యథాస్థితి. ఒకే ప్రవచనమునఁ బదిసార్లు గోడ రంగు మాఱినచో జూచువాఁడు ప్రవచనమును వినఁడు.

దీనికి విరుగుడు సులభము. ఏ వెలుఁగు మనుష్యునిమీఁదఁ బడుచున్నదో యా వెలుఁగులోనే, వారి మొగమునొద్దనే, తెల్లని కాగితమును బట్టి, తెరనిండ దానినే చూపి, శ్వేతసామ్యపు మీట నొక్కవలయును. గుఱుతు మినుకుమినుకుమని నిలిచినంతనే పని యైనది. "ఇది తెలు" పని మనము చెప్పితిమి. ఇఁక యంత్రము తక్కిన రంగులను దానిని బట్టి నిర్ణయించుకొనును. కాగితము పంచెకంటె నేల మేలని యడుగుదురేమో. నేను మొదట నొక వేదపండితుల యుత్తరీయమునే చూపి యట్లు చేసితిని. చిత్రమంతయుఁ బసుపు పట్టినట్లు వచ్చినది. చాకలి యుత్తరీయమునకు నీలిమందు పెట్టియుండెను! ఆ నీలిమందునే తెలుపని నమ్మి యంత్రము నీలమును దీసివేసినది. కొత్తబట్టకుఁ బసుపు పెట్టినప్పుడు దీనికి విపర్యయముగా నంతయు నీలమగును. అంగడిలో మిక్కిలి తెల్లనిదని యమ్ము కాగితములందును నీలముగా మెఱయు ద్రవ్యముండును. ఫొటోగ్రాఫర్ల యంగళ్లలో దొరకు బూడిదరంగు అట్ట యన్నింటికంటె మేలు. దానితోనే వెలుఁగును గూడ నిర్ణయింపవచ్చును.

ట్యూబులైట్లలోఁ గొన్నింటి వెలుఁగునఁ బచ్చదన మొకటి చేరియుండును. అది కెల్విన్ల వరుసలో నుండదు గావున సంఖ్యలు మార్చినఁ బోదు. కాగితము చూపినచోఁ జాలవఱకుఁ బోవును. కిటికీనుండి యెండయు, లోపల బల్బును గలిసినచో నే యుపాయమును బనిచేయదు: మొగమున నొక చెంప నీలము, మఱియొకటి పసుపు. ఏదో యొక వెలుఁగును దీసివేయుటయే మార్గము. బల్బును దీసివేయుట సులభము.

అన్నిచోట్లను దెలుపు తెల్లగానే యుండవలయునా? ఇచ్చట వివక్ష ప్రధానము. నూనెదీపముల వెలుఁగున జరుగు హరికథకుఁ గాగితము చూపి దీపపు బంగారువన్నె నంతయుఁ దీసివేసితిమేని యది మధ్యాహ్నపు సభవలె నుండును, రాత్రి పోవును. అట్టి చోట బల్బుగుఱుతు గల 3200 స్థానమున నుంచినచో, దీపపు వన్నె కొంత తగ్గి కొంత మిగులును. నాకది యింపుగా నుండును. తాళపత్రముల విషయమున నిట్టి యింపులకుఁ దావులేదు.

తాళపత్రములను వీడియో కెమెరాతోఁ బట్టుటను గూర్చి నా యభిప్రాయము ముందే చెప్పెదను: తగదు. 1920 చుక్కల వెడల్పు గల చిత్రమున 40 సెంటీమీటర్ల పత్రమును బూర్తిగాఁ జూపితిమేని సెంటీమీటరునకు 48 చుక్కలు వచ్చును. 4 మిల్లీమీటర్ల యక్షరమునకుఁ బందొమ్మిది. దకారమును ధకారముచేయు చిన్నగీటు వానిలో నొకటి రెండింటికిఁ జిక్కును, చిక్కకపోవును. దరయో ధరయో మన మూహింపవలసి వచ్చును. నిశ్చలచిత్రములు దీయు కెమెరాయే దీనికిఁ దగినది. కాని వేఱు గతి లేక, గ్రంథము గలవారు మఱునాఁడే తాళము వేసికొందు రన్నచోఁ, బత్రమును మూఁడు నాలుగు భాగములుగా దగ్గఱనుండి పట్టవలయును. అప్పుడు వెలుఁగును, దెలుపును రెండును గట్టివేయుట తప్పనిసరి. నల్లని గుడ్డమీఁద నుంచి స్వయంచాలకముగా విడిచినచోఁ బత్రము మితిమీఱి వెలిఁగి, మసి చాలని సన్నని గీట్లు మాసిపోవును. తెల్లని గుడ్డమీఁద నుంచినచోఁ బత్రము నల్లఁబడును. ఇంతకంటెఁ బెద్ద చెఱుపు మఱియొకటి గలదు. పత్రముల కట్టలో నడుమఁ గొన్నియాకులు పోఁగా మఱియొకఁడు తరువాత వ్రాసి చేర్చియుండుట మన మెఱిఁగినదే. చేర్చిన యాకుల రంగు తఱచుగా వేఱుగా నుండును. యంత్రము ప్రతి యాకును నదే నడిమి వెలుఁగునకుఁ దెచ్చి, దాని రంగును దీసివేసి చూపుటచే నన్నియు నొకే వయస్సువిగాఁ గనఁబడును. బూడిద యట్టమీఁద నొక్కసారి నిర్ణయించి, చివరియాకువఱకు దేనిని దాఁకకుండినచో నీ భేదము నిలుచును. రంగుభేదమే కాలభేదమునకు సాక్ష్యమని నే ననను. కాని సాక్ష్యమును మనమే తుడిచివేయరాదు.

పురుగు తొలిచిన రంధ్రము నల్లని గుడ్డమీఁద మసినిండిన సున్నవలెఁ గనఁబడును. సందేహమున్న చోట గుడ్డను మార్చి మఱియొకసారి పట్టినచో రంధ్రము రంగు మార్చును, సున్న మార్చదు. మసి పూయని పత్రములకు వెలుఁగు పైనుండి గాక ప్రక్కనుండి వాలుగాఁ బడినచో గంటపుగీట్ల యంచులు నీడతో లేచును.

కొన్ని యంత్రములను నిలిపి కొంతకాలము విడిచినచో మనము నిర్ణయించిన దంతయు మఱచి స్వయంచాలకమునకుఁ బోవును. భోజనవిరామము తరువాత మఱల చూచుకొనుట మేలు. ఏ సంఖ్యలు పెట్టితిమో యొక పుస్తకమున వ్రాసికొనుటయు మేలు. నేనిప్పు డట్లు చేయుచున్నాను.

నేను చెప్పిన సామగుల శిష్యు లొకరు వేఱొక గ్రామమున నుండిరి. 2016వ సంవత్సరమున వారి గానమును బట్టితిని. కిటికీ వారి కుడిప్రక్క నుండునట్లు, నేనే నోరు చేసికొని యడిగి కూర్చుండఁబెట్టితిని. షట్టరు 50వ వంతు, గెయిన్ 6, తెలుపు చేతియొద్దఁ బట్టిన బూడిద యట్టమీఁద. రెండు యంత్రములు: ఒకటి మనిషికి, ఒకటి చేతికి. బొటనవ్రేలి గోటిమీఁది గీటు సైతము కనఁబడుచున్నది. గురువుగారి పాత చిత్రమును దీనిని ప్రక్కప్రక్కనుంచి చూడఁగా, నొక సామమున గురువుగారు నిలిపిన స్వరమునొద్ద శిష్యులు బొటనవ్రేలి నొక్కసారి కదపి రెండు స్థానములను జూపుచున్నారు. గొంతులు రెండింటను నొక్కటియే. ఇది గురువుగారి చేతినుండి వచ్చినదో, తరువాత శిష్యుల యలవాటో యని వారి నడిగితిని. "మా గురువుగారిట్లే చూపెడివారనియే నా జ్ఞాపకము, కాని ప్రమాణము చేయలే" నని వారు చెప్పిరి. పాత చిత్రమున నా చోటునుఁ బలుమాఱులు త్రిప్పి చూచితిని. నల్లని చేయి యొకసారి కదలినట్లుండును. అది బొటనవ్రేలో, మణికట్టో తెలియదు.